అమ్మ పరిచిన బండలు

పక్కింటివాళ్ళు గోడలకు రంగులు వేసుకుంటున్నారు. కూలీలను పెట్టుకోలేదు. మొగుడూ పెళ్ళాం, వాళ్ళ చిన్నపిల్ల కలిసి, ఫోనులో వీడియోలు చూసుకుంటూ వాళ్ళే వేస్తున్నారు. పొద్దున ఆ అబ్బాయి వచ్చి మా స్టూలు అడిగి తీసుకుపోయాడు. మధ్యాహ్నం నేను గిన్నెలో వంకాయకూర పట్టుకుని వెళ్తే, ముగ్గురూ పాత పేపర్ల మీద కూర్చుని పడీపడీ నవ్వుతున్నారు. పిల్ల ముక్కు మీద రంగు, తండ్రి తలలో రంగు. "ఎట్లుందో చూడుండ్రి ఆంటీ" అంటూ ఆ అమ్మాయి గోడ చూపించింది. అక్కడక్కడా చారలు పడ్డాయి గానీ బాగానే ఉంది. ఆ మాటే చెప్పి వచ్చేశాను.

వచ్చి మంచం మీద నడుం వాల్చానన్న మాటే గానీ, గోడ అవతలి నుంచి వాళ్ళ నవ్వులు వినపడుతూనే ఉన్నాయి. కొత్తరంగు వాసన కిటికీలోంచి వస్తూనే ఉంది. ఒక ఇంటివాళ్ళంతా కలిసి పనిచేసుకుంటూ నవ్వుకుంటుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నేను మాత్రం లేచి కిటికీ మూసేశాను. ఈ వయసులో కూడా. పాపం, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఎప్పుడో తాండూరులో మా ఇల్లు మేమే బాగుచేసుకున్న ఒక ఎండాకాలం నన్ను అలా చేసింది.

అప్పుడు నాకు పదేళ్ళుంటాయేమో. మా ఇల్లు తాండూరులో, బండలు కోసే మిషన్ల వెనక గల్లీలో ఉండేది. తెల్లారకముందే రాయి కోసే చప్పుడు మొదలయ్యేది. ఆ చప్పుడు ఆగిపోతే మాకు నిద్రలో కూడా మెలకువ వచ్చేది. మా నాయిన ఆ మిషన్లలో ఒకదాని మీద పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము పేరుకుని ఉండేది. గడప దగ్గరే చెంబెడు నీళ్ళు పోసుకుంటే, ఎండకు కాగిన రాయి మీద తొలివాన పడ్డప్పటి వాసన ఆయన ఒంటి నుంచి వచ్చేది. నాకు ఆ వాసనంటే ప్రాణం. నాయిన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వచ్చాడంటే వచ్చాడు, తిన్నాడంటే తిన్నాడు. ఆ వాసనే మాకు ఆయన పలకరింపు.

ఎక్కడెక్కడి ఇళ్ళకో నున్నటి బండలు కోసి పంపే మనిషి ఇంట్లో మట్టినేల. అమ్మ వారానికోసారి పేడతో అలికేది. వానాకాలం వస్తే నేలంతా చెమర్చి చాపల కింద బూజు పట్టేది. వంటిల్లంటే వెనకవైపు ఒక చీకటి గది. పొగ బయటికి పోయే దారి లేదు. అమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. అవి పుట్టుకతోనే అలా ఉన్నాయని చాలాకాలం అనుకున్నాను.

"మిషన్ కాడ పారేసిన ముక్కలన్న తెస్తే నేనే పరుసుకుంట" అని అమ్మ ఎన్నోసార్లు అడిగింది.

"చూద్దం తియ్" అనేవాడు నాయిన. ఆ చూడటం ఎప్పుడూ జరగలేదు.

నిజానికి ఆ జాగా అమ్మ పుట్టింటివాళ్ళు ఇచ్చింది. యాలాల్‌లో మా తాత తన ఎడ్లజతను అమ్మి, తాండూరులో బిడ్డకు నిలువనీడ ఉండాలని కొనిపెట్టాడట. కాగితం మాత్రం అల్లుడి పేరు మీదే రాయించాడు. అల్లుడంటే అంత నమ్మకం. ఈ సంగతి అమ్మ ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు. మామ చెప్తేనే తెలిసింది, అదీ తర్వాత.

మా బడి పరీక్షలు అయిపోయిన రోజుల్లో, ఒక సాయంత్రం నాయిన మామూలుకంటే ముందే ఇంటికొచ్చాడు. కాళ్ళూచేతులూ కడుక్కుని, పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుని, చాయ్ తాగుతూ ఉన్నట్టుండి అన్నాడు:

"ఈ ఎండాకాలం ఇల్లు మంచిగ చేసుకుందం."

అమ్మ జొన్నరొట్టె కొడుతోంది. చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నవ్?"

"బండలేసుకుందం, సున్నమేసుకుందం. మేస్త్రీ గీస్త్రీ ఎవ్వరొద్దు. మనకు చేతుల్లేవా? ముక్కలు మా మిషన్ షేటు ఊకెనే తీస్కపొమ్మన్నడు. ఇసుక నీ తమ్ముడు తెస్తడు."

"నిజంగనే అంటున్నవా?"

"మజాక్ చేస్తనా? చెప్పు, వంటింట్ల నీకేం కావాలె?"

అమ్మను అలా అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ ఉండి ఉండరు. చేతుల పిండి దులుపుకుంది. తర్వాత, చిన్నపిల్ల అంగట్లో బొమ్మ చూపించినట్టు, మెల్లగా చెప్పింది. పొయ్యి పైన పొగ పోవడానికి సందు కావాలి. మునివేళ్ళ మీద లేవకుండా అందేటట్టు ఒక బండ అర కావాలి. "ఇంక?" అన్నాడు నాయిన. "ఇంకేం లేదు తియ్" అంది అమ్మ సిగ్గుపడుతూ. ఈలోగా పెనం మీద రొట్టె మాడిపోయింది. ఆ మాడిన రొట్టెను నాయినే అడిగి తీసుకుని మిరపకాయ తొక్కుతో తిన్నాడు.

నన్నూ అక్కనూ కూడా పిలిచాడు. ముందుగదికి ఆనుకుని కట్టెలూ పిడకలూ వేసుకునే చిన్న కొట్టు ఉండేది. "అది మీ ఇద్దరికి. ఖాళీ చేసి కిటికి పెడ్త. అండ్ల కూసోని సదువుకోవాలె" అన్నాడు. మా గల్లీలో ఆడపిల్లలకు ప్రత్యేకంగా గది ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. ఆ సంగతి నేను పొద్దున్నే వీధి చివరి దాకా వెళ్ళి చాటింపు వేసి వచ్చాను.

ఇక మొదలైంది మా పని. యాలాల్ నుంచి మామ ఎడ్లబండిలో కాగ్నా వాగు ఇసుక తెచ్చాడు. ఇసుకతోపాటు ఒక బుట్టెడు మామిడికాయలూ దిగాయి. మామ అమ్మకు తమ్ముడు. ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి, అక్క మాటంటే వేదం. వారంలో సగం రోజులు మా ఇంట్లోనే ఉండి గోడలు గీకేవాడు. నాయిన పని దిగాక, సైకిలు వెనక గోనెసంచీలో బండముక్కలు కట్టుకుని నడిపించుకుంటూ వచ్చేవాడు. కొన్ని ఆకాశంలా నీలంగా, కొన్ని నానబెట్టిన కందిపప్పులా పసుపుగా. మేం ముగ్గురం పిల్లలం వాటిని రంగురంగులుగా వేరుచేసి పేర్చాలి. తమ్ముడు మరీ చిన్నవాడు, రెండు చేతులతో ఒక్కో ముక్క పొట్టకు ఆనించుకుని మోసేవాడు.

పసుపు ముక్కను నీళ్ళు పోసి బండమీద అరగదీస్తే గంధంలా వచ్చేది. అక్కా నేనూ దాన్ని మొహాలకు పూసుకుని పెళ్ళికూతుళ్ళమయ్యేవాళ్ళం. అది ఎండిపోయి నవ్వితే చెంపలు పగిలేవి. ఒకరోజు నిద్రపోతున్న మామ మీసాలకు పూశాం. లేచి అలాగే వీధిలోకి పోయాడు. మేం ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచే పక్కింటామె చూసి, "అయ్యో, గీ పోరగాండ్లు మామను దుల్హన్ జేసిన్రు!" అని చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నిచ్చెన ఆమె దగ్గరే తెచ్చుకున్నాం. అది ఉన్నన్ని రోజులూ, నిచ్చెన చూడ్డానికి వచ్చినట్టు మధ్యాహ్నంపూట వచ్చి ఏదో ఒక గిన్నె పెట్టిపోయేది. పుల్లటి పప్పు, బగారన్నం, ఒక్కోసారి వేయించిన ఎండుమిర్చి. సిమెంటు అంటిన వేళ్ళతో తినొద్దని అమ్మ అరిచేది. మేం తినేవాళ్ళం.

అన్నిటికంటే వింత మా నాయిన. మాట్లాడని మనిషికి మాటలు వచ్చాయి. షేటు ఎలా నడుస్తాడో నడిచి చూపించేవాడు. రైల్వే స్టేషన్లో ముక్కుతో చెప్పే అనౌన్స్‌మెంటు చెప్పేవాడు. అమ్మను "మేస్త్రమ్మా" అని పిలిచేవాడు. "మేస్త్రమ్మా, సిమెంటు మాలు జర పల్చగైంది", "మేస్త్రమ్మా, మీ కూలోళ్ళకు చాయ్ పోస్తవా లేదా?" అమ్మ కొంగు నడుముకు దోపుకుని, తాపీ ఎత్తి కొడతానన్నట్టు చూపించేది. నాయిన పారిపోయినట్టు ఇసుక కుప్ప చుట్టూ తిరిగేవాడు. వాళ్ళిద్దరూ అలా ఉండటం అంతకుముందు మేం చూడలేదు. తర్వాత కూడా చూడలేదు.

గొడవ వచ్చింది ఒక్క విషయంలోనే. అమ్మ వంటింటితో మొదలుపెడదామంది. నాయిన వినలేదు.

"ముందుగాల ముంగిలి, ముందుర్ర. ఇంటికొచ్చినోళ్ళు ముందుగాల చూసేది అదే గదా."

"ఇంటికొచ్చేదెవ్వరు? నా తమ్ముడు, ఖాలా. వాళ్ళకు మన ముందుర్ర ఎరుకే."

"నువ్వూకో. నాకెరుక."

పెద్ద బండలన్నీ ముందుగదికే పోయాయి. పైపులో నీళ్ళు పోసి మట్టం చూస్తూ, ఒక్కో బండను తాపీ పిడితో తట్టి, చెవి పెట్టి విని, బోలుగా మోగితే మళ్ళీ లేపి వేసేవాడు నాయిన. అంత శ్రద్ధగా చేశాడు. గోడలకు నీలిమందు కలిపిన సున్నం కొట్టాం. ముందు తలుపుకు రంగు కొనే రోజు నన్ను అంగడికి తీసుకుపోయాడు. నేను పసుపు కావాలన్నాను. ఆయన ఆకుపచ్చ డబ్బా తీసుకున్నాడు.

"ఆకుపచ్చ అయితే అందరికి నచ్చుతది" అన్నాడు.

"అందరంటే ఎవరు నాయినా?"

ఆయన నవ్వి, అంగడి బయట బండి మీద నాకు సోడా తాగించాడు. నేను అడిగింది మరిచిపోయాను.

ముందుగది అయిపోయిన సాయంత్రం ఒకటి జరిగింది. గడప దగ్గర సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. మేం ముగ్గురం దాంట్లో అరచేతులు అచ్చువేశాం. అక్కది పెద్దది, నాది నడుమ, తమ్ముడిది ఆకంత. నాయిన చూస్తే మురిసిపోతాడనుకున్నాం. ఆయన చూశాడు. మొహం మారిపోయింది. "ఎవరు చెయ్యమన్నరు మిమ్ముల? ఖరాబ్ జేసిన్రు!" అని అరిచాడు. తమ్ముడు జడుసుకుని ఏడుపు అందుకున్నాడు. నాయిన వెంటనే మోకాళ్ళ మీద కూర్చుని, తాపీతో ఆ మూడు చేతుల్నీ చెరిపేశాడు. ఎక్కడా ఆనవాలు లేకుండా, నున్నగా.

అమ్మ అంది: "ఉంటె ఏమైతుండె? పోరగాండ్ల చేతులే గద."

ఆయన అదే చోట తాపీ ఇంకోసారి తిప్పాడు. పని మీద అంత పట్టింపేమో అనుకున్నాం.

వంటింటికి మిగిలినవి చేతి వెడల్పు కూడా లేని ముక్కలు. అమ్మ వాటిని పారేయనివ్వలేదు. మధ్యాహ్నాలు, మేమంతా ఎండకు సొమ్మసిల్లి పడుకుంటే, ఆమె ఒక్కతే కూర్చుని, పాతచీరల ముక్కలతో బొంత కుట్టినట్టు, నీలం పక్కన పసుపు, పసుపు పక్కన నీలం వరసలు కూర్చి, వంటిల్లంతా పరిచింది. ఒక మూల ముక్క సరిపోకపోతే అలిగి కూర్చునేది. నాయిన వచ్చి సుత్తితో అంచు కొట్టి ఇస్తే మళ్ళీ లేచేది. మామ గోడకు రంధ్రం కొట్టి పొగ సందు పెట్టాడు. అమ్మను నిలబెట్టి చెయ్యి ముందుకు చాచమని, అదే ఎత్తులో అర బిగించాడు. ఆ రోజు అమ్మ కందిపప్పూ పుంటికూరా వండింది. పొగ తిన్నగా పైకి పోయింది. మేమంతా పొయ్యి ముందు నిలబడి తలలెత్తి, ఏదో విమానం పోతున్నట్టు, ఆ పొగను చూశాం.

అమ్మ కళ్ళు తెల్లగా ఉంటాయని నాకు ఆ వారంలోనే తెలిసింది.

మా గదికి కిటికీ కూడా పెట్టాడు నాయిన. అక్క గోడకు కింద వరసలో నా పుస్తకాలు, పై వరసలో తన పుస్తకాలు అని పంచింది. పడుకునేది కూడా అక్కడే అని పట్టుబట్టాం. కొత్తసున్నం ఘాటుకు ముక్కులు కారుతున్నా బయటికి రాలేదు.

వానలు పడటానికి ముందు ఒక ఆదివారం పొద్దున నాయిన గడ్డం గీసుకుని ఉతికిన చొక్కా వేసుకున్నాడు. "ఎరికైనోళ్ళు వస్తున్నరు. బండలు చూస్తరట. వాళ్ళు గూడ ఏసుకోవాల్ననుకుంటున్నరు" అని అమ్మతో చెప్పాడు. అమ్మ సంబరపడి కొత్తచీర కట్టుకుంది. తను చేసిన పని చూడటానికి మనుషులు రావడం ఆమెకు గొప్ప సంగతి.

ఒక పెద్దమనిషి, ఆయన భార్య, ఆయన తల్లి వచ్చారు. సరిహద్దు అవతలి ఊరివాళ్ళు, కంది వ్యాపారం చేస్తారట. మాతో తెలుగు మాట్లాడుతూ, వాళ్ళలో వాళ్ళు కన్నడం మాట్లాడుకుంటున్నారు. మా గల్లీలో పెరిగినవాళ్ళకు ఆ భాష సగంసగం తెలుసు.

అమ్మ వాళ్ళ ముందు నడుస్తూ అంతా చూపించింది. ముందుగది చూపించి, "ఒక్క బండ గూడ కదలదు, మా ఆయన ఒక్కొక్కటి సప్పుడు విని ఏసిండు" అంది. పొగ సందు చూపించి, "ఎంత మంట పెట్టినా కండ్లు మండయి అక్కా" అంది. ఆ ముసలామె వంటింటి నేల మీద చెప్పులు విడిచి నిలబడి, కాలితో రుద్ది చూసి తల ఊపింది. పెద్దమనిషి భార్య గోడను జానలతో కొలిచింది. అమ్మ కూడా నవ్వుతూ ఆమెకు సాయంగా రెండో చివర పట్టుకుంది.

"అక్కాచెల్లెండ్ల రూమ్ చూపియ్యి బిడ్డా" అన్నాడు నాయిన నాతో. నేను ముందే పరిగెత్తి తలుపు తీశాను. మా పుస్తకాలు, మా చాప, కిటికీ. ఆ ఆడవాళ్ళిద్దరూ తొంగిచూసి కన్నడంలో ఏదో అనుకున్నారు. వాళ్ళ మాట నాకు సగమే తెలిసింది. అక్కి అంటే బియ్యం. బియ్యం బస్తాలు వేసుకోవడానికి ఇది సరిపోతుందని అనుకుంటున్నారు. మా గదిలో వాళ్ళ బియ్యం ఎందుకుంటాయో నాకు అర్థం కాలేదు. నాయిన వైపు చూశాను. ఆయన కిటికీ రెక్క సరిచేస్తున్నాడు.

తర్వాత అందరూ ముందుగదిలో కూర్చున్నారు. అమ్మ చాయ్ పోసింది. పెద్దమనిషి భార్య చాయ్ ఊదుకుంటూ, ఎంతో మర్యాదగా అడిగింది:

"అంతా మస్తుగుంది అక్కా. మీరు ఎన్నడు ఖాళీ చేస్తరు? శ్రావణంల మంచి రోజు చూసుకుని పాలు పొంగిద్దమనుకుంటున్నం."

అమ్మ నవ్వు మొహంతోనే ఉంది. "ఏం ఖాళీ చేసుడు?" అంది.

ఆమె తన మొగుడి వైపు చూసింది. ఆయన మా నాయిన వైపు చూశాడు. అమ్మ కూడా చూసింది. నాయిన సాసరులో చాయ్ పోసుకుంటున్నాడు. పోస్తూనే ఉన్నాడు. సాసరు నిండి పొర్లి కొత్తబండల మీద పడింది.

"ఆయన ఇంకా మీకు చెప్పలేదా?" అంది ముసలామె మెల్లగా. ఆమె మంచిదే. ఆమె గొంతులో జాలి ఉంది. ఆ జాలి అమ్మకు చెంపదెబ్బలా తగిలి ఉంటుంది.

అమ్మ లేచి, గుడ్డ తెచ్చి, నేల మీద ఒలికిన చాయ్ తుడిచింది. "ఆయన ఎన్నడంటె ఆనాడే" అంది వాళ్ళతో. ఇంట్లోకి వచ్చినవాళ్ళ ముందు మొగుణ్ణి తక్కువ చెయ్యలేదు. వాళ్ళు గల్లీ మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది. తర్వాత తలుపు వేసింది.

"చెప్పు" అంది.

నాయిన చెప్పాడు. వికారాబాద్‌లో తన దోస్తు ఒకడు బండల డిపో పెడుతున్నాడు. అందులో వాటా తీసుకుంటాడు. ఇల్లు అమ్మితేనే వాటా. ముందొకసారి మేం ఇంట్లో లేనప్పుడు ఈ ఇల్లు చూసిన వాళ్ళెవరో మట్టినేల చూసి వెనక్కి పోయారట. మంచిగ చేస్తే మంచి బేరం వస్తుందని దోస్తే చెప్పాడట.

"గా దుమ్ము తినుకుంట తినుకుంట అక్కడనే సావాల్నా నేను? నా పక్కన పనిచేసినోళ్ళు ఎట్ల దగ్గుకుంట పోయిన్రో నువ్వు చూడలేదా?" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. రాత్రుళ్ళు ఆయన దగ్గు మేం వింటూనే ఉన్నాం.

అమ్మ అంది: "గట్లనే నన్ను అడిగితె నేను వద్దందునా? నీ పానం కంటె నాకు ఇల్లు ఎక్కువనా?"

"అడిగితె నువ్వు ఏడుస్తవనుకున్న."

"ఏడ్చి ఇచ్చేదాన్ని. అడిగితె ఇచ్చేదాన్ని." మళ్ళీ తనే అంది: "నీకేం కావాలె అని అడిగినవ్ గద నన్ను. ఈ ఇంట్లనే కూసోని అడిగినవ్."

నాయిన చొక్కా విప్పి, మేకుకు తగిలించి, పెరట్లోకి పోయాడు.

మర్నాడు మామకు తెలిసింది. యాలాల్ నుంచి వచ్చినవాడు వచ్చినట్టే పెరట్లోంచి గడ్డపార అందుకున్నాడు. "ఆ బండలు తీసి వాళ్ళ ముంగటనే పలగ్గొడ్త. ఎడ్లనమ్మి మా నాయిన కొన్నడు ఈ జాగ. బావా, ఎవర్నడిగి అమ్మినవ్?" అని అరిచాడు. గల్లీ అంతా పోగైంది. ఖాలా వచ్చి మా ముగ్గుర్నీ తన ఇంట్లోకి లాక్కుపోయి, "ఏడ్వకుండ్రి బిడ్డా, ఏం గాదు" అంటూ మా చేతుల్లో బెల్లం పెట్టింది. ఆ గోడ సందులోంచే మేం చూశాం. అమ్మ మామ చేతిలోంచి గడ్డపార తీసుకుంది.

"ఇంటికి పో తమ్మీ. వచ్చేటోళ్ళు ఏం పాపం జేసిన్రు? ఇంకెవ్వరికన్న అక్కెరకొస్తది."

మామ గుమ్మం మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత మా నాయిన ఉన్న చోటికి ఆయన రాలేదు. అక్క పెళ్ళికి కూడా పందిట్లో మాత్రమే నిలబడి, అక్షింతలు వేసి, అన్నం ముట్టకుండా పోయాడు.

మేం శ్రావణానికి ముందే వికారాబాద్ వచ్చేశాం. బయల్దేరే పొద్దున అమ్మ వంటిల్లు కడిగి, బండలు మెరిసేదాకా పొడిగుడ్డతో తుడిచింది. కొత్తగా కాపురానికి వచ్చిన ఇంటిని తుడిచినట్టు తుడిచింది. అర మీద వాళ్ళకోసం ఉప్పూ చింతపండూ పెట్టింది. లారీలో సామాన్ల మధ్య కూర్చున్నాక ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చూసింది నేనూ అక్కా. ఆకుపచ్చ తలుపు దూరం నుంచి నిజంగానే బాగుంది.

ఆ వ్యాపారం మునిగిపోయి ఉంటే మా కోపం తీరేదేమో. మునగలేదు. డిపో బాగానే నడిచింది. నాయిన దగ్గు తగ్గింది. మేం ముగ్గురం చదువుకున్నాం. కొన్నేళ్ళకు వికారాబాద్‌లోనే సొంతిల్లు కట్టాడు. తన డిపోలోకి వచ్చిన బండల్లో మచ్చలేనివి ఏరి పక్కన పెట్టించాడు. వంటిల్లు మొదలుపెట్టే రోజు అమ్మను పిలిచి, "ఎట్ల కావాలె చెప్పు" అని అడిగాడు.

"నీ ఇష్టం" అంది అమ్మ.

"పొయ్యి ఎటుదిక్కు పెట్టాలె?"

"నీ ఇష్టం."

అర ఎంత ఎత్తులో ఉండాలో కూడా చెప్పలేదు. నాయిన ఉజ్జాయింపుగా పెట్టించాడు. అది ఆమెకు అందేది కాదు. పీట వేసుకుని ఎక్కి దించుకునేది. కిందికి జరిపిస్తానని ఆయన ఎన్నిసార్లు అన్నా, "ఉండనీ, ఏమైతది" అనేది. ఆ ఇంట్లో అమ్మ తన చేత్తో ఒక్క మేకు కొట్టలేదు. ఒక్క మొక్క నాటలేదు. వండింది, వడ్డించింది, మా పురుళ్ళు పోసింది. నాయినకు జ్వరమొస్తే తల దగ్గర కూర్చుంది. ఎవరూ వేలెత్తి చూపలేని కాపురం. చుట్టాలింటికి వచ్చిన మనిషి ఎంత మర్యాదగా ఉంటుందో అంత మర్యాదగా ఉంది, చివరిదాకా.

నేను మాత్రం అంత మర్యాద నేర్చుకోలేదు. కాలేజీ చదివే రోజుల్లో ఆయన డబ్బులిస్తూ ప్రేమగా తల నిమిరితే, "ఏం అమ్ముతున్నవ్ నాయినా?" అని ఒకసారి అనేశాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అన్నందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. ఆయన ఒంటి వాసన కోసం గడప దగ్గర కాచుకున్న పిల్లను ఆ ఆదివారం ఆయనే పంపించేశాడు.

పెళ్ళయ్యాక మా ఆయన ఒక సెలవుపూట, "ఇద్దరం కలిసి ఇల్లు సర్దుకుందామా?" అన్నాడు. ఎవరొస్తున్నారని అడిగాను. ఎవరూ రావట్లేదన్నాడు. సాయంత్రం దాకా వీధి తలుపు వైపు చూస్తూనే పనిచేశాను. నిజంగానే ఎవరూ రాలేదు.

నాయిన ఆఖరి రోజుల్లో మంచం పట్టినప్పుడు నేను దగ్గరుండి చూసుకున్నాను. ఒక మధ్యాహ్నం అమ్మ గంజి తాగించి వెళ్ళాక, ఆమె నడిచివెళ్ళిన వైపే చూస్తూ అడిగాడు:

"మీ అమ్మ నా గురించి ఏమన్న అంటదా?"

"ఏమనదు నాయినా."

"ఎన్నడనలేదా?"

"లేదు."

"తిట్టినా అయిపోతుండె" అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన పోయిన రెండు మూడేళ్ళకు అమ్మ కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంది. ఒక సాయంత్రం మేమిద్దరమే చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్నాం. అన్నేళ్ళుగా అడగాలనుకున్న మాట అప్పుడు అడిగేశాను. మమ్మల్ని మోసం చేశాడన్న సంగతి నాకు ఎప్పుడో అరిగిపోయింది. అరగనిది వేరే. ఆ షేటు నడక, ఆ రైలు అనౌన్స్‌మెంటు, ఇసుక కుప్ప చుట్టూ పరుగులు. అవి కూడా బేరంలో భాగమేనా?

"అమ్మా, ఆ ఎండాకాలం నాయిన నవ్విందంత ఉత్తదేనా? మనతోని పని చేపియ్యడానికి నవ్విండా?"

అమ్మ చేతిలో ఉన్న చిక్కుడుకాయ ఈనె చివరిదాకా తీసింది.

"ఉత్తది కాదు బిడ్డా. నిజంగనే నవ్విండు. ఆయన అంత ఖుషీగ ఉన్నది నేను ఎన్నడు చూడలే" అంది. తుంచిన కాయలు గిన్నెలో వేసి, ఒళ్ళో పడిన ఈనెలు ఏరుకుంది.

"ఇల్లు అమ్మేటిదని తెలిసి గూడ అంత ఖుషీగ ఎట్లున్నడో, అది నాకు ఇప్పటిదాంక సమజ్ కాలే. గందుకే మాఫ్ చెయ్యబుద్ధి కాలె."

ఇంకొక కాయ అందుకుంది.